పీపా కింద తడి

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో మళ్ళీ ఆ ఓడ సినిమా వేశారు. మా ఆయన శెనక్కాయలు వొలుచుకుంటూ చూస్తున్నాడు. వంటింట్లో ఉన్న నాకు కెప్టెన్ గొంతు వినపడింది. తర్వాత ఏ సీను వస్తుందో తెలుసు కాబట్టి చేతులు కూడా తుడుచుకోకుండా వచ్చి రిమోట్ లాక్కుని టీవీ కట్టేశాను.

"ఏమే, బాగుండాది కదా సినిమా?" అన్నాడు.

"నీకు బాగుంటుంది" అన్నాను. ఎందుకన్నానో ఆయనకు తెలుసు.

అది నిజంగా జరిగిన కథే. కొన్ని వందల ఏళ్ళ కింద, పటంలో లేని నేలను వెతుక్కుంటూ రెండు చెక్క ఓడలు నడిసముద్రంలోకి పోతాయి. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను, ఎనిమిదో తరగతికి ఈ సముద్రయానాల పాఠం ఏటా చెప్పేదే. సినిమాలో ఒక ఓడ మునిగిపోతుంది. రెండోది గాలి లేక రోజుల తరబడి ఒకేచోట ఉండిపోతుంది. తాగే నీళ్ళు తగ్గిపోతాయి. ఓడ కడుపులో చీకటి గదిలో చెక్క పీపాల్లో నీళ్ళు, వాటికి కాపలా ఒక బక్క మనిషి. ఒకనాటి పొద్దున నిండుగా ఉండాల్సిన పీపా ఖాళీగా కనపడుతుంది. కెప్టెన్ ఒక్క మాట అడగడు. ఆ బక్కమనిషిని స్తంభానికి కట్టేసి అందరి ముందూ కొరడాతో కొట్టిస్తాడు. తర్వాత వాన పడుతుంది, నేల కనపడుతుంది, జెండా పాతుతారు, సంగీతం మోగుతుంది. దెబ్బలు తిన్నవాడు ఏమయ్యాడో సినిమా తీసినవాళ్ళకు పట్టలేదు.

నాకూ పట్టేది కాదు. పట్టేలా చేసినాయన మా ఊళ్ళో వీధులకు నీళ్ళు వదిలే మనిషి. ఆయన పోయి నాలుగు నెలలయింది. పేరు రాయను. ఒకసారి ఆయన పేరు కాగితం మీద రాసి నేను చేసిన ఘనకార్యం చాలు.

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. ఒక పక్క సిమెంటు దుమ్ము, ఒక పక్క నాపరాళ్ళ గనులు. మూడు రోజులకొకసారి ముప్పావుగంట నీళ్ళొస్తాయి. ఆ ముప్పావుగంటకు రాజు ఆయనే. ఊరంతా నీళ్ళాయప్ప అనేవాళ్ళు. తనకంటే పొడుగైన ఇనప కడ్డీ భుజాన వేసుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. కడ్డీతో వాల్వు తిప్పేవాడు. తర్వాత దాని ఒక కొస పైపు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"ఏమినపడతాందప్పా?" అని ఎవరైనా ఎగతాళిగా అడిగితే, "ఎవురో మోటరు ఏసినారు. మూడో ఇల్లన్నా కావల్ల, నాలుగో ఇల్లన్నా కావల్ల" అనేవాడు. నేరుగా పోయి ఆ ఇంటి ముందు నిలబడేవాడు. కేకలు వేసేవాడు కాదు. "మోటరు తీసెయ్యి అక్కా. కింద ఈదోళ్ళకు గూడా గొంతులుండాయి" అనేవాడు. తీసేదాకా కదిలేవాడు కాదు.

అబ్బ, ఆ మనిషికి ఎంత అనుమానమో! ఎండాకాలంలో ఎవరింటి మల్లెచెట్టయినా పచ్చగా కనపడితే ఆగిపోయేవాడు. "చెట్టు కళకళలాడతాందే, యాడివక్కా నీళ్ళు?" నీళ్ళు రాని రోజున ఏ ఆడమనిషైనా తడి జుట్టుతో వాకిట్లో నిలబడిందా, అయిపోయింది. "ఈపొద్దు తలకు పోసుకున్నావా?" ఆ మాటకు ఒకామె చీపురు తిరగేసింది కూడా. నేను కొత్తగా ఆ వీధిలో ఇల్లు కట్టుకున్నప్పుడు మా తులసికోట మట్టిలో వేలు పెట్టి చూశాడు. కొత్త టీచరునని కూడా చూడలేదు. ఆ రోజే నాకు ఒళ్ళు మండింది.

ఇంకో పట్టు ఉండేది ఆయనకు. ఎవరింట్లోనూ గుక్కెడు నీళ్ళు తాగడు. పాత కూల్‌డ్రింకు సీసాకు తడిగుడ్డ చుట్టి చంకలో పెట్టుకుని తిరిగేవాడు. పెళ్ళి భోజనాల్లో కూడా అదే సీసా. "ఒగరింట్లో తాగితే, వాళ్ళకు వాల్వు రెండు చుట్లు ఎక్కువ తిప్పినాడని ఇంగొగరంటారు టీచరమ్మా. మనకెందుకా మాట?" అన్నాడు నాతో.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? అందర్నీ అనుమానించే మనిషిని అందరూ కళ్ళల్లో వత్తులేసుకుని చూసేవాళ్ళు. ఆయన చెప్పులు కొత్తవైతే చర్చ. ఆయన పెండ్లాం కొత్త చీర కడితే చర్చ. నీళ్ళ ట్యాంకరు డ్రైవరుతో రోడ్డు మీద రెండు మాటలాడితే సాయంత్రానికి అది ఊరంతా తెలిసేది.

పోయినేడు మా స్కూల్లో తరగతి గోడకు పెద్ద స్క్రీన్ బిగించారు. హెడ్మాస్టరు ఆ ఓడ సినిమా తెలుగు డబ్బింగు సంపాదించి, "పాఠానికి పనికొస్తుంది, పిల్లలకు వేయండి" అన్నారు. ఆ రోజే స్కూలు సంపుకు నీళ్ళు పట్టడానికి ఆయన వచ్చాడు. సంపు నిండడానికి గంట పడుతుంది. కడ్డీ గోడకు ఆనించి తరగతి వాకిట్లో నిలబడి సినిమా చూడసాగాడు. లోపలికొచ్చి కూర్చోమంటే, "పర్వాలేదు టీచరమ్మా" అన్నాడు.

కొరడా దెబ్బల సీను వచ్చింది. వెనక బెంచీల పిల్లలు చప్పట్లు కొట్టారు. నీళ్ళదొంగకు దెబ్బలు పడితే మా ఊరి పిల్లలకు సంతోషం కాక ఏముంటుంది?

"అదేందప్పా!" అని గట్టిగా వినపడింది వాకిట్లోంచి. "వాడు తాగలా. ఆ పీపా కింద సూడండప్పా."

పిల్లలు ఘొల్లుమన్నారు. నాకు చిరాకేసింది. సినిమా ఆపాను. "పీపా కింద ఏముండాదప్పా?" అన్నాను.

"చెక్క పలక నల్లగుండాది టీచరమ్మా. తక్కిన పీపాల కింద తెల్లగుండాది. రోజూ ఇంత కారిపోయినట్టుంది. ఆ పెద్దాయప్ప ఒగసారి వొంగి చూసింటే సాలు."

వెనక్కి తిప్పి చూపించవచ్చు. ఎంతసేపు, ఒక్క వేలితో అయ్యే పని. నేను తిప్పలేదు. "పిల్లల పాఠం చెడిపోతాది, కాసేపు గమ్మునుండప్పా" అన్నాను. ఆయన కడ్డీ తీసుకుని సంపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అంతటితో వదిలాడా? మూడు రోజుల తర్వాత నీళ్ళు వదలడానికొచ్చి మా గేటు దగ్గర నిలబడ్డాడు. "టీచరమ్మా, ఆ సినిమా నిజంగా జరిగిందే అంటివి కదా. ఆ పీపాలకాడ ఉండేవాని పేరేంది?" అన్నాడు.

పుస్తకాలు తిరగేశాను, ఫోన్లో వెతికాను. కెప్టెన్ పుట్టిన ఊరు దొరికింది. ఓడలో ఉన్న కుక్క పేరు కూడా దొరికింది. నీళ్ళ కాపలావాడి పేరు ఎక్కడా లేదు. "అంతమందిలో వాని పేరు ఎవరూ రాసుకోలేదప్పా. సినిమా వాళ్ళు కల్పించింటారు" అని చెప్పాను.

ఆయన కడ్డీ భుజం మార్చుకున్నాడు. "కల్పించేవాళ్ళు దొంగను కల్పించినారా, దొంగ కానోన్ని కల్పించినారా?"

నాకు నవ్వొచ్చింది. "అంత పట్టింపెందుకప్పా నీకు?"

"ఊరికే. అంతమంది ఉండారు కదా ఓడలో. ఒగడన్నా వొంగి సూడల్ల కదా" అన్నాడు. ఆ మాట కొన్నాళ్ళు ఊళ్ళో అందరితోనూ అన్నాడు. టీకొట్టు దగ్గర, రేషన్ షాపు దగ్గర, సినిమా చూసినవాళ్ళతోనూ చూడనివాళ్ళతోనూ. జనం నవ్వుకున్నారు.

ఈ ఏడు సంక్రాంతి పోయాక మా ఇంటి ముందు బండలు పరిపించాం. మా వైపు ఇళ్ళవాళ్ళంతా చేసే పనే మేమూ చేశాం. వీధిలోకి ఐదడుగులు జరిగి, నాపరాళ్ళు పరిచి, చుట్టూ గ్రిల్లు పెట్టి తాళం వేసుకున్నాం. మేస్త్రీ, "కింద నీళ్ళ పైపు అతుకు ఉండాది మేడం, ఒక బండ సిమెంటు లేకుండా వదిలేద్దామా?" అన్నాడు. "సందు కనపడితే అసహ్యంగా ఉంటుంది, మూసెయ్" అన్నాను. బండలు కుదరడానికి వాళ్ళు గునపాలతో పొడుస్తుంటే నేను టీ పెట్టుకొచ్చి ఇచ్చాను.

మార్చి చివరికి మా వీధి కింది కొసకు నీళ్ళు రావడం ఆగిపోయింది. మా కొళాయి కూడా సన్నబడింది. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. నీళ్ళు యాడికి పోతాండాయని ఎవరూ అడగలేదు. నీళ్ళాయప్ప ఎవరికి అమ్ముకుంటాండాడనే అడిగారు.

ఏప్రిల్లో ఒక మిట్టమధ్యాహ్నం గ్రిల్లు తీసి ఉంది. కిటికీలోంచి చూస్తే ఆయన చెప్పులు విడిచి మా బండల మీద నడుస్తున్నాడు. ఆ ఎండలో బండలు పెనాల్లా కాలుతుంటాయి. ఒక్కో దాని మీద కాలు పెట్టి చప్పున తీస్తున్నాడు. నాలుగో బండ మీద నిలబడిపోయాడు, హాయిగా.

నేను విసురుగా బయటికొచ్చాను. "ఏందప్పా ఇది, ఇంట్లోకొచ్చి?"

"ఈ బండ సల్లగుండాది టీచరమ్మా. తక్కినవి కాల్తాండాయి. ఇదొగటి లేపనీ. మళ్ళ నేనే ఏసిస్తా."

నా బుర్రలో ఎన్ని అనుమానాలు ఎంత తొందరగా తిరిగాయో! వీధంతా తనను అంటోంది కాబట్టి నా మీదికి తోయడానికొచ్చాడు. బండ పగలగొడతాడు. బండ లేస్తే పంచాయతీవాళ్ళొస్తారు, వస్తే గ్రిల్లు వీధిలో ఉందంటారు. నిజం చెప్పాలంటే ఈ చివరిదే అసలు భయం.

"నీడ పడి చల్లబడింటుంది" అన్నాను.

ఆయన తలెత్తి చుట్టూ చూశాడు. "యాడిది నీడ?" అన్నాడు.

"లేపాలంటే పంచాయతీ నుంచి కాగితం తీసుకురాప్పా" అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. నేను గ్రిల్లుకు తాళం వేశాను. ఆయన కాగితం తేలేదు. దాన్ని కూడా అనుమానంగానే తీసుకున్నాను. నిజంగా చిల్లి ఉంటే తెచ్చేవాడు కదా, అనుకున్నాను.

వారం తర్వాత కింది కొస ఆడవాళ్ళు పదిమంది మా ఇంటికొచ్చారు. "టీచరమ్మా, నీ చేతిరాత బాగుంటుంది, అర్జీ రాసియ్యి" అన్నారు. రాశాను. ఆయన నీళ్ళు అమ్మడం ఎవరైనా చూశారా అంటే ఎవరూ చూడలేదు. అందుకని "అమ్ముకుంటున్నట్లు తెలియవచ్చినది" అని రాశాను. ఆ వాక్యం కుదిరినందుకు సంతోషపడ్డాను కూడా, నా మొహం మండ! మర్నాడు స్టాఫ్‌రూంలో, "ఆ రోజు సినిమాలో నీళ్ళదొంగను ఎంత వెనకేసుకొచ్చాడో చూశారు కదా. ఊరికే వస్తుందా అంత జాలి?" అన్నాను. అందరూ తలలూపారు. నలభై ఇళ్ళవాళ్ళు ఒక్క పూటలో సంతకాలు పెట్టారు. ఏం రాసి ఉందో ఒక్కరూ చదవలేదు.

ఆయన్ను తీసేశారు. కడ్డీ పంచాయతీ ఆఫీసులో అప్పజెప్పి ఎర్రగుంట్లకు లారీల మీదికి సిమెంటు బస్తాలు ఎత్తే పనికి పోయాడు. ఒకసారి బస్టాపులో ఎదురుపడ్డాడు. జుట్టంతా సిమెంటు పట్టి బూడిద రంగులో ఉంది. నేను చూపు తిప్పుకునేలోపే, "నీళ్ళొస్తాండాయా టీచరమ్మా?" అన్నాడు.

"వస్తాండాయప్పా" అన్నాను. రావడం లేదు. కొత్తాయన వచ్చినా రావడం లేదు. ఆ మాట చెప్పడానికి నాకు అహం అడ్డొచ్చింది.

"అయితే మేలే" అన్నాడు. అంతే మా మాటలు. ఆషాఢంలో బస్తా మోస్తూ లారీ దగ్గరే కూలబడి ప్రాణం వదిలాడని తెలిసింది. నేను చూడ్డానికి పోలేదు.

మరుసటి నెలలో గ్యాస్ అబ్బాయి నిండు సిలిండరు తెచ్చి మా ముంగిట్లో దించాడు. నాలుగో బండ పగిలి సిలిండరుతో సహా కిందికి దిగబడింది. కింద మోకాటిలోతు గుంత. కొత్త నీళ్ళాయన వచ్చి వాల్వు తిప్పి చూశాడు. పైపు అతుకు దగ్గర గునపం దెబ్బ పడిన చోట నీళ్ళు బుసబుసమని చిమ్మి, కింద రాతి చీలికలోకి గలగలా దిగిపోతున్నాయి. పైకి ఒక్క చుక్క రావడం లేదు. "ఇది శానా నెలలనుంచి పోతాండాది టీచరమ్మా" అన్నాడు. ఆ పూటే అతుకు వేశాడు. మూడో రోజు వీధి కింది కొసదాకా నీళ్ళొచ్చాయి.

ఇంక ఊరికి నిజం తెలిసిపోయింది అనుకుంటున్నారా? ఆడవాళ్ళు బిందెలు నింపుకుంటూ, "సూడు, ఈయప్ప మంచోడు కాబట్టి నీళ్ళొస్తాండాయి. ఆయప్ప ఉన్నన్నాళ్ళూ ఎంత తిన్నాడో!" అనుకున్నారు. ఆ సాయంత్రం ఫోన్లో ఆ సినిమా పెట్టి పీపాల సీను దగ్గర ఆపాను. బొమ్మను పెద్దది చేశాను. ఖాళీ పీపా కింద పలక నల్లగా ఉంది. తక్కినవాటి కింద తెల్లగా ఉంది. తీసినవాళ్ళు కావాలని పెట్టారో, సెట్టులో ఎవరో నీళ్ళు ఒలకబోశారో నాకు తెలియదు. ఆయనకు కనపడింది. సోషల్ టీచర్ని, ఏళ్ళ తరబడి ఈ పాఠం చెబుతున్నదాన్ని, నేను వంగి చూడలేదు. చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు వాళ్ళింటికి పోయాను. ఆయన భార్య వాకిట్లో చింతపండు కొడుతూ పిక్కలు తీస్తోంది. నన్ను చూసి కొట్టడం ఆపలేదు.

"ఏం టీచరమ్మా, ఈసారి ఎవురిమీద రాయల్ల?" అంది.

నిలబడే అంతా చెప్పాను. బండ సంగతి, గ్రిల్లు సంగతి, కాగితంలో ఏం రాశానో అది. దాచుకున్నది ఏమీ లేదు.

"బండ సంగతి నాకు తెల్సు. ఆపీసులో చెప్పుపో అని మా ఆయప్ప కాళ్ళావేళ్ళా పడితి. చెప్తే టీచరమ్మ గ్రిల్లు పీకేస్తారు, సదువుకున్నాయమ్మ, రేపో మాపో ఆయమ్మే లేపి చూస్తాది అనె. ఊర్లో అందరి మీదా అనుమానమే ఆయప్పకు. నీ మీద ఒగదాని మీద ల్యాకపోయె" అంది.

నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. క్షమించమన్నాను. ఆమె పట్టించుకోలేదు. "కొళాయికాడ నన్నేమంటాండారో తెల్సా? నీళ్ళు అమ్ముకున్నోని పెండ్లాం అంటాండారు. మా ఆయప్ప దొంగ కాదని రాయి. ఆపొద్దు పెట్టినోళ్ళందరి చేతా పెట్టించుకోని రా" అంది.

రాశాను. ఈసారి ఎక్కడా "తెలియవచ్చినది" అనలేదు. నా గ్రిల్లు, నా బండ, నా పేరు అన్నీ రాసి, ఆ నలభై ఇళ్ళకూ తిరిగాను. అప్పుడు చదవకుండా పెట్టినవాళ్ళు ఇప్పుడు రెండేసి సార్లు చదివారు. "ఇప్పుడెందుకు టీచరమ్మా, పోయినాయప్పను గురించి?" అన్నారొకరు. "దీంతో ఆయమ్మకేమన్నా వస్తాదా?" అన్నారింకొకరు. "అప్పుడు మేము అబద్ధం పెట్టినామని మా మీద కేసు రాదా?" అంది ఒకామె. "పంచాయతీవాళ్ళు నీ గ్రిల్లు పీకకుండా ఇదేమన్నా ఉపాయమా?" అని మొహం మీదే అడిగాడు ఒక పెద్దమనిషి. మా ఆయన, "ముందు గ్రిల్లు మాట తీసేసి రాయి, అప్పుడు పెడతా" అన్నాడు. నేను తీసెయ్యలేదు. ఆయన పెట్టలేదు.

నాలుగు రోజులు తిరిగి, నా ఒక్కదాని సంతకంతో ఆ కాగితం తీసుకుని మళ్ళీ వాళ్ళింటికి పోయాను. ఆమెకు చదువు రాదు. కాగితం తిప్పి వెనక వైపు చూసింది, మళ్ళీ ముందు వైపు చూసింది.

"ఒగటేనా?" అంది.

"ఒకటే. నాదే" అన్నాను.

"ఇదన్నా నీదేనని నాకెట్ల తెలుస్తాది?"

ఆమె లోపలికి పోయి పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను చూస్తాండంగ పెట్టు. దాని పక్కనే" అంది.

మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఉద్యోగంలో చేరిననాటినుంచి పెడుతున్న సంతకాన్ని మళ్ళీ పెట్టాను. చివరి అక్షరం దగ్గర పెన్ను కాగితంలో దిగబడింది. ఆమె కాగితం తీసుకుని వాకిట్లో వెలుతురుకు పట్టుకుని, రెండు సంతకాల మీదా వేలు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా చూసింది.

"ఇది వేరేగుండాది టీచరమ్మా" అంది.